అన్నీ ఫస్ట్ లాట్ బండ్లే!

దసరాకు బొగ్గు గని కార్మికుల ఖాతాల్లో లాభాల వాటా పడటమే ఆలస్యం, మంచిర్యాలలో మళ్లీ పాత షట్టర్లు లేస్తున్నాయి. గొనెసంచుల కింద ఒక పాత ఆర్ఎక్స్ 100 బైకు. అమ్మకానికి పెట్టే పిల్లవాడు ఒక చేత్తో ఫోను పట్టుకుని వీడియో తీస్తూ, రెండో చేత్తో ట్యాంకు మీది దుమ్ము తుడుస్తాడు. కొబ్బరికాయ కొట్టడమొక్కటే తక్కువ. ముప్పై ఏండ్ల దుమ్మట. టైర్లలో మాత్రం గాలి నిండుగా ఉంటుంది.

దుమ్ము సంగతి పోనీ. నాకు ఒళ్లు మండేది ఆ తర్వాతి మాటకు: "అన్నా, ఫస్ట్ లాట్ బండి. జపాన్ ఇంజన్!"

1985లో ఎస్కార్ట్స్ వాళ్లు ఈ బండిని తెచ్చినప్పుడు, జపాన్ విడిభాగాలు తెప్పించి ఇక్కడ బిగించినవి కొన్ని వేలే. అవీ దేశం మొత్తానికి. ఇప్పుడు బెల్లంపల్లి నుంచి గోదావరిఖని దాకా అమ్మకానికొచ్చిన ప్రతి బండీ వాటిలోదే! అంటే ఆ జపాన్ ఓడ ఏ రేవుకూ పోకుండా నేరుగా గోదావరి ఎక్కి, ఇందారం దగ్గర లంగరేసి ఉండాలి.

ఇంకో తమాషా చూడండి. ఫస్ట్ లాట్ అంటూనే ఏపీ-1 నంబరు ప్లేటును ముద్దు పెట్టుకుంటారు. పాత ఆదిలాబాద్ నంబరు కదా, సెంటిమెంటు. కానీ కొత్త మోటారు వాహనాల చట్టం 1989లో అమల్లోకి వచ్చాకే ఈ వరస మొదలైంది. 1985లో రోడ్డెక్కిన బండికి ఈ ప్లేటు ఎక్కడిది? బయటి రాష్ట్రం నుంచి వచ్చి ఇక్కడ నంబరు మార్చుకుందంటే సరే, ఒప్పుకుంటా. అన్ని బండ్లూ అలాగే వచ్చాయా?

పైగా "వింటేజ్". కేంద్రం 2021లో రాసిన నిబంధన ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏండ్లు దాటి, అసలు రూపం చెడని బండికే ఆ హోదా. దానికి వీఏ అక్షరాల ప్రత్యేక నంబరు కూడా ఇస్తారు. నిజంగానే 1985 బండి అయినా 2035 దాకా ఆగాలి. ఇక అసలు రూపమంటారా? ట్యాంకు కొత్తది, మడ్‌గార్డులు కొత్తవి, సీటు మొన్న కుట్టించింది, రంగు నిన్న కొట్టింది. పాతది ధర చెప్పేవాడి గొంతులోని గద్గదం ఒక్కటే.

యెజ్డీ అమ్మేవాళ్ల సంగతి ఒక్క ముక్కలో చెప్తా: కిక్కు రాడే గేరు రాడని తెలియక, రెండోదాని కోసం వెతికేవాళ్లున్నారు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. "మా తాత బండి" అన్నప్పుడు మాత్రం నవ్వు రాదు. ఎవరి తాత? ఆ బండి మీద టిఫిన్ డబ్బా తగిలించుకుని నైట్ షిఫ్టుకు బాయికి పోయిన మనిషిది అది. ఆయన పోయాక క్వార్టర్ ఖాళీ చేసే రోజున బేరగాడు వచ్చి, "నడవదమ్మా, ఇనుప సామానే" అని నూట మూడు కిలోల బండిని పాత ఇనుము ధరకు తోలుకుపోయాడు. దానికే రంగేసి లక్షకు పైన చెప్తున్నాడు. ఆ ఇల్లాలికి తెలియని తాతను పుట్టించి, ఆయన కష్టాన్ని కూడా ధరలో కలిపి అమ్ముకుంటున్నాడు. నల్లగా మాడిన సైలెన్సర్ విప్పి, పిస్టన్ మార్చి, బోరు చేయించి, కార్బురేటర్ కడిగిన మెకానిక్ ముఖం ఏ వీడియోలోనూ కనబడదు. ఇది వారసత్వాన్ని కాపాడటమా? పచ్చి మోసం.

మోసం అక్కడితో ఆగితే బాగుండు. ఆర్సీ ఇంకా చనిపోయిన మనిషి పేరునే ఉంటుంది. యజమాని పోతే ముప్పై రోజుల్లో ఆర్టీఏకు తెలపాలి, మూడు నెలల్లో 31వ నంబరు ఫారంతో వారసుల పేరుకు మార్పించుకోవాలి. బేరగాడు ఈ మాట చెప్పడు. చెప్తే సంతకం కోసం ఇంకోసారి ఆ గడప తొక్కాలి, ధర తెలిసిపోతుంది. రేపు ఆ బండి ఎవరినైనా గుద్దితే? రిజిస్ట్రేషన్‌లో పేరున్నవాళ్లే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. కాగితం పట్టుకుని పోలీసులు వచ్చేది ఆ ఇంటికే.

కొనేవాళ్లకు నా మాట ఒకటే. వీడియో చూసి కాదు, ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు ఆర్సీతో కలిపి చూసి డబ్బివ్వండి. గీకి మళ్లీ కొట్టినట్టు అనుమానమొస్తే లేచి వచ్చేయండి. ఇంటి మూల పాత బండి ఉన్న తల్లులారా, కాగితాలు మీ పేరు మీదికి రానిదే తాళంచెవి ఎవరికీ ఇవ్వకండి.