పోర్టులరాయుడు

కోతలరాయుడు మనకు తాతల కాలం నుంచీ తెలిసినవాడే. పోర్టులరాయుడు మాత్రం కొత్త జాతి. ల్యాప్‌టాప్‌లు సన్నబడుతున్నకొద్దీ ఈ జాతి పుష్టిగా పెరుగుతోంది. 2015లో యాపిల్ కంపెనీ, హెడ్‌ఫోన్ల రంధ్రం మినహా, ఛార్జింగుతో సహా సమస్తానికీ ఒకే ఒక్క టైప్-సీ పోర్టు పెట్టి మ్యాక్‌బుక్‌ని విడుదల చేసింది. తక్కిన కంపెనీలూ మెల్లగా అదే బాట పట్టాయి. ల్యాప్‌టాప్ పక్కల్లోంచి పోర్టులు ఒక్కొక్కటే రాలిపోయాయి. రాలినవన్నీ, ఒక్క పోర్టుని పలు పోర్టులుగా పంచే హబ్బులై రాయుడి చేతికి చిక్కాయి. ఇప్పుడతను అపార్టుమెంటుకొకడు, ఆఫీసుకొకడు, చుట్టరికానికొకడు చొప్పున వర్ధిల్లుతున్నాడు. "కంప్యూటరు సంగతా? మా చిన్నల్లుణ్ణి అడగండి" అని అత్తగార్లు గర్వంగా చూపించే ఆ చిన్నల్లుడే ఇతను. మనిషి మంచివాడు, పరోపకారి. పక్కింటివాళ్లకు హబ్బు కావాలంటే సెలవు పెట్టి మరీ బజారుకు వెళ్తాడు. చిక్కల్లా అతను హబ్బుని ఎంచే పద్ధతిలోనే ఉంది.

ఆ పద్ధతి చూడాలంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, సీటీసీ అని అందరూ పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లాలి. కొట్టు ముందు నిలబడి రాయుడు వేసే మొదటి ప్రశ్న "ఎన్ని పోర్టులు?" ఆఖరి ప్రశ్న "లాస్ట్ ఎంత?" ఈ రెంటికీ మధ్య మూడో ప్రశ్న ఉండదు. నాలుగు పోర్టులది నాలుగొందలు, ఏడు పోర్టులది నాలుగొందల యాభై అన్నారనుకోండి, అతని లెక్క క్షణంలో తేలిపోతుంది. మొదటిది పోర్టుకు వంద, రెండోది పోర్టుకు అరవై నాలుగు. యాభై రూపాయలకు మూడు పోర్టులు కలిసొచ్చాయి. పైగా పోర్టు పోర్టుకూ ఒక మీట, మీట మీటకూ ఒక నీలం దీపం ఉంటే ఇక బేరమాడడానికి కూడా అతనికి మనసొప్పదు. డెబ్బై వేల ల్యాప్‌టాప్‌కు, అందులోని పెళ్లి ఫొటోలకు, పిల్లల ప్రాజెక్టులకు కాపలాదారుగా ఆ నాలుగొందల యాభై రూపాయల పెట్టె ఇంటికొస్తుంది. రాయుడు తప్పు చేశాడని నా వాదన. ఆ తప్పు చవకది కొనడంలో లేదు, లెక్కపెట్టకూడనిదాన్ని లెక్కపెట్టడంలో ఉంది.

హబ్బు దేన్నీ పుట్టించదు, ఉన్నదాన్ని పంచుతుంది. అదొక్కటే దాని పని. ల్యాప్‌టాప్ పోర్టులోంచి ఎంత కరెంటు వస్తుందో, ఎంత వేగం వస్తుందో, ఆ రెండూ ఇంట్లో ఒకడి జీతం లాంటివి. తినేవాళ్లు నలుగురైతే నలుగురికీ, ఏడుగురైతే ఏడుగురికీ అదే జీతం. కొత్తగా మూడు కంచాలు కొన్నంత మాత్రాన జీతం పెరగదు. యూఎస్‌బీ 2.0 ప్రమాణం ప్రకారం ఒక పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీ ఆంపియర్లు. అంటే 5 వోల్టుల దగ్గర రెండున్నర వాట్లు. దాంట్లోంచి హబ్బు తన ఖర్చుకు 100 పక్కన పెట్టుకుంటుంది. మిగిలిన 400ని పోర్టుకు 100 చొప్పున పంచితే నాలుగు పోర్టులొస్తాయి. సొంత అడాప్టర్ లేని హబ్బులు తరతరాలుగా నాలుగు పోర్టులతోనే రావడానికి కారణం ఈ చిన్న తీసివేతే. యూఎస్‌బీ 3.0లో జీతం 900 మిల్లీ ఆంపియర్లకు పెరిగింది, వాటా 150 అయింది. అయినా అడాప్టర్ లేకుండా ఏడు పోర్టులకు అది చాలదు. రాయుడు కొన్న హబ్బుకు ఏడు నోళ్లున్నాయి, తిండి మాత్రం నలుగురిదే. అలాంటివాటిలో కొన్ని, తమకు సొంత కరెంటు ఉందని కంప్యూటరుకు అబద్ధం కూడా చెబుతాయి. కంప్యూటరు పాపం నమ్ముతుంది.

ఈ మాట చెబితే రాయుడు చిరునవ్వు నవ్వుతాడు. అతని దగ్గర ఫోనులో వచ్చిన జ్ఞానం సిద్ధంగా ఉంటుంది. "ఒక్క కంప్యూటరుకు 127 పరికరాలు తగిలించొచ్చు. యూఎస్‌బీ కనిపెట్టింది కూడా మనవాడే" అంటాడు. రెండూ సగం నిజాలు. బరోడాలో చదువుకుని ఇంటెల్‌లో చేరిన అజయ్ భట్ యూఎస్‌బీ రూపకర్తల్లో ముఖ్యుడు, సందేహం లేదు. అయితే ఆ ప్రమాణం ఏడు కంపెనీలు కలిసి కూర్చుని 1996లో బయటపెట్టినది, ఒక్కరి బుర్రలోంచి ఊడిపడింది కాదు. 127 అనే సంఖ్య కూడా నిజమే, కాకపోతే అది చిరునామాల సంఖ్య. ప్రతి పరికరానికీ ఏడు బిట్ల చిరునామా ఇస్తారు గనుక అన్ని నంబర్లే ఉన్నాయి. ఇంటి నంబరు వచ్చినంత మాత్రాన కరెంటు మీటరు రాదని రాయుడికి తెలియనిది కాదు, ఇక్కడ మాత్రం మర్చిపోతాడు. హబ్బుకు హబ్బు, ఆ హబ్బుకు మరో హబ్బు తగిలిస్తాడు. వరసగా ఐదు హబ్బుల దాకా ప్రమాణం ఒప్పుకుంటుందన్న మాటా నిజమే. ఆ ఐదూ ఎక్కడి నుంచి తింటాయన్న మాట అదే ప్రమాణంలో పక్కనే రాసి ఉంది. అతను అక్కడిదాకా చదవలేదు.

అసలు వినోదం హబ్బు కొన్న తర్వాత మొదలవుతుంది. ఏది చెడినా రాయుడు హబ్బుని తప్ప లోకంలో అన్నిటినీ అనుమానిస్తాడు. పోర్టబుల్ హార్డ్ డిస్క్ టిక్కు టిక్కుమంటూ తిరగబోయి ఆగిపోతే, "డిస్క్ పోయింది" అని తీర్పు చెబుతాడు. డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణంలో దాదాపు ఒక ఆంపియరు దాకా లాగుతుంది. ఇవ్వాల్సినవాడి దగ్గర లేక అది చతికిలబడుతోంది, అంతే. పెన్‌డ్రైవ్‌లోకి ఫైళ్లు ఎక్కుతుండగా వోల్టేజీ పడిపోయి ఫైలు పాడైతే "వైరస్" అంటాడు. వైర్‌లెస్ మౌస్ తడబడితే బ్యాటరీ మారుస్తాడు, తర్వాత మౌసే మారుస్తాడు. యూఎస్‌బీ 3.0 పరికరాలు, తీగలు వెదజల్లే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ మౌసులకు, కీబోర్డులకు అడ్డుపడుతుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రం ప్రచురించింది. మౌసు రిసీవరుని డిస్కు పక్క పోర్టులోంచి తీసి దూరంగా పెడితే చాలావరకు సమస్య తీరుతుంది. ఆ పత్రం సంగతి రాయుడికి తెలియకపోవడం నేరం కాదు. ఒకే హబ్బుకు తగిలించిన మూడు పరికరాలు ఒకే వారంలో మంచం పడితే మూడింటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటో చూడకపోవడం మాత్రం నేరమే. అతని చేతిలో బలైన మంచి డిస్కులన్నీ ఒకచోట పోగేస్తే చిన్న మ్యూజియం పెట్టొచ్చు.

"మరి వాళ్లింట్లో అదే హబ్బు ఐదేళ్లుగా పనిచేస్తోందే?" అని అతని అభిమానులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. సాధారణ కీబోర్డు, మౌసు, అప్పుడప్పుడూ ఒక పెన్‌డ్రైవ్ మాత్రమే తగిలించే ఇంట్లో అది పనిచేయకపోతేనే వింత. కీబోర్డు, మౌసు 100 మిల్లీ ఆంపియర్ల లోపే సరిపెట్టుకుంటాయి. అలాంటి ఇంటికి అడాప్టర్ లేని నాలుగు పోర్టుల హబ్బు చాలు, అంతకన్నా ఖర్చు పెట్టడం దుబారా. రాయుడి అనుభవం అబద్ధం కాదు. ఆ అనుభవాన్ని హార్డ్ డిస్కులున్న ఇంటికీ, వెబ్‌క్యామ్‌లూ ఆడియో పెట్టెలూ ఉన్న ఇంటికీ పట్టుకెళ్లి సలహాగా అమ్మడమే అతని దోషం. హబ్బు నమ్మకమైనదా కాదా అన్న ప్రశ్నకు, దానికి ఏమేం తగిలిస్తారో చెప్పకుండా జవాబు లేదు.

కొందరు రాయుళ్లు ఇక్కడి నుంచి ఒక మెట్టు ఎదుగుతారు. అడాప్టర్ ఉన్న హబ్బు కొంటారు. ఎదిగినా లెక్కపెట్టే జబ్బు పోదు, అడాప్టర్ ఉందా లేదా అని చూస్తారు తప్ప దాని మీద ఏం రాసి ఉందో చూడరు. ఏడు పోర్టులకు 900 మిల్లీ ఆంపియర్ల చొప్పున ఇవ్వాలంటే 6.3 ఆంపియర్లు కావాలి, అంటే 31 వాట్ల పైచిలుకు. పెట్టెలో వచ్చేది చాలాసార్లు 5 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టర్, అంటే 10 వాట్లు. నిండుగా ఇవ్వాల్సి వస్తే రెండు పోర్టులతోనే దాని ఓపిక అయిపోతుంది. అదే 12 వోల్టులు, 3 ఆంపియర్లదైతే 36 వాట్లు, ఏడింటికీ సరిపోతుంది. మరో సంగతి కూడా ఉంది. నాసిరకం హబ్బులు అడాప్టర్ కరెంటుని కింది పోర్టులకే కాక పైకి, కంప్యూటరులోకి కూడా ఎగదోస్తాయి. డెస్క్‌టాప్‌ని గోడ దగ్గరే ఆపేసినా లోపల ఏదో దీపం వెలుగుతూ ఉంటే అర్థం అది. రాయుడు ఆ దీపాన్ని చూసి "చూశారా, ఎంత పవరో!" అని మురిసిపోతాడు. మదర్‌బోర్డు మురవదు. ఐటీ పరికరాల అడాప్టర్లు తప్పనిసరి రిజిస్ట్రేషన్ ఉత్తర్వు కిందికి వస్తాయి గనుక వాటి మీద బీఐఎస్ గుర్తు, "ఆర్" అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. హబ్బు ముఖం మీది దీపాలకన్నా అడాప్టర్ వీపు మీది ఆ సన్నక్షరాలే ఎక్కువ నిజం చెబుతాయి.

"ఇదంతా ఎందుకు, పెద్ద బ్రాండుది, ఖరీదైనది కొనేస్తే పోలేదా?" అనేవాడు ఇంకొకడున్నాడు. అతను పోర్టులరాయుడికి వేలు విడిచిన తమ్ముడు, ధరలరాయుడు. అన్న పోర్టులు లెక్కపెడతాడు, తమ్ముడు నోట్లు లెక్కపెడతాడు, చదవడం ఇద్దరికీ రాదు. చాలా హబ్బుల లోపల ఉండే చిప్పులు జెనిసిస్ లాజిక్, వీఐఏ ల్యాబ్స్, రియల్‌టెక్ వంటి కొద్ది తైవాన్ కంపెనీలవే. ఏడు పోర్టుల హబ్బు విప్పితే రెండు నాలుగు పోర్టుల చిప్పులు ఒకదానికొకటి తగిలించి కనబడడం సర్వసాధారణం. తేడా తెచ్చేది వాటి చుట్టూ ఉన్నది. కరెంటు ఎక్కువైతే ఆ ఒక్క పోర్టునే కట్టేసే రక్షణ ఉందా, లేక అన్నీ కలిపి ఆరిపోతాయా? తీగ మందంగా, పొట్టిగా ఉందా? తీగ తెగితే విడిగా మార్చుకోగలమా, లేక హబ్బునే పారేయాలా? వీటికి డబ్బు ఖర్చవుతుంది, నిజమే. అయితే డబ్బు ఖర్చయిన ప్రతి చోటా ఇవి ఉంటాయన్న హామీ లేదు. మెరిసే అల్యూమినియం తొడుగుకు కూడా బిల్లు వేస్తారు.

టైప్-సీ వచ్చాక రాయుడికి కొత్త ఊపొచ్చింది. "సీ పోర్టు కదా, అన్నీ ఫాస్టే" అంటాడు. సీ అనేది రంధ్రం ఆకారం, దాని వెనక 480 మెగాబిట్ల వేగమూ ఉండొచ్చు, 40 గిగాబిట్ల వేగమూ ఉండొచ్చు. పెట్టె మీద 3.0 అన్నా, 3.1 జెన్ 1 అన్నా, 3.2 జెన్ 1 అన్నా వేగం అదే 5 గిగాబిట్లు, పేరు మాత్రమే మారుతూ వచ్చింది. ఆ వేగాన్నీ పోర్టులన్నీ కలిసే పంచుకోవాలి. 100 వాట్ల ఛార్జింగు అని రాసి ఉంటే అందులో హబ్బు తనకోసం 15 వాట్ల దాకా ఉంచుకోవడం మామూలే, ల్యాప్‌టాప్‌కు చేరేది మిగిలిందే. 4కె తెర అని రాసినచోట 30 హెర్ట్జా, 60 హెర్ట్జా అన్నది చూడాలి. 30 అయితే మౌసు బాణం తెర మీద కుంటుతూ నడుస్తుంది. అప్పుడు రాయుడు తెర పోయిందంటాడు.

"సామాన్యుడికి ఈ ఆంపియర్లూ వాట్లూ ఎలా తెలుస్తాయి? రాయుడు లేకపోతే ఏం చేయాలి?" అన్నది చివరి అభ్యంతరం. ఏడో తరగతి గుణకారం వస్తే చాలు. వోల్టులని ఆంపియర్లతో గుణిస్తే వాట్లు. బజారుకు వెళ్లేముందు హబ్బుకు తగిలించబోయేవన్నీ ఒక కాగితం మీద రాయండి. తిరిగే డిస్కు ఒక్కటున్నా అడాప్టర్ ఉన్న హబ్బే అడగండి, అడాప్టర్ మీది వాట్లు చూడండి, ఎంతో రాసిలేని అడాప్టర్‌ని కొట్టులోనే వదిలేయండి. ముఖ్యమైన ఫైళ్లు ఎక్కించే డిస్కుని హబ్బుకు కాక నేరుగా ల్యాప్‌టాప్‌కే తగిలించండి. కొన్న రోజే అన్నీ ఒకేసారి తగిలించి, ఒక పెద్ద ఫైలు ఎక్కించి చూడండి, మార్చుకునే గడువు అందుకే ఉంది. రాయుడిని వెంట తీసుకెళ్లినా పరవాలేదు, బేరం బాగా ఆడతాడు. పోర్టుల లెక్క అతనికి వదిలేసి, వాట్ల లెక్క మాత్రం మీరు చూసుకోండి.