నూతిలోంచి సోమేశ్వరుడు: టీకా తాత్పర్య సహితం

అవతారిక: శ్రీముఖలింగంలో గుళ్ల చరిత్ర చెబుతూ ఒక కుర్రవాడు వీడియో తీశాడు. చెవిలో బ్లూటూత్ హెడ్‌సెట్. ఇంటికెళ్లి వింటే, "ఇదేటి బావూ, ఈ గొంతుక నాదేనా?" అనిపించింది. ఆ శోకంలో పుట్టిన ఆటవెలది ఇది.

చెవిని మైకు పెట్టి చెప్పిన కథయెల్ల
నూతి నుండి వచ్చె నూత్నరీతి
సోమలింగమన్న సొల్లుగా వినిపించె
నీలిపంటివాని నేర్పు చూడు!

టీక: చెవిని మైకు పెట్టి = నోరొకచోట, మైకొకచోట అని ఎత్తిపొడుపు. ఇది చిన్న దోషమే. అసలు దోషం మూడో పాదంలో ఉంది.

సోమలింగము = ఊళ్లోకి వస్తూనే కనబడే సోమేశ్వరుడు. ఆయన పేరు మొదట ఉన్నది సకారం. సకారపు బుసలో బలమంతా దాదాపు 4,000 హెర్ట్జ్‌లకు పైనే ఉంటుంది. పాత బ్లూటూత్ కాల్ పద్ధతి గొంతును సెకనుకు 8,000 సార్లే కొలుస్తుంది. అందులో సగం, అంటే 4,000 దాటిన శబ్దం దానికి అందదు. కనుక 'హోమలింగ' మనీ 'ఫోమలింగ' మనీ పాఠాంతరాలు.

నీలిపంటివాడు = పదో శతాబ్దపు డెన్మార్క్ రాజు హెరాల్డ్. బ్లూటూత్ అన్నది ఆయన మారుపేరే. ఆయన అక్కడ ఏలే కాలానికి ఇక్కడ కళింగనగరంలో గంగరాజులు ఏలుతున్నారు. ఇద్దరికీ ఈ బాధ లేదు.

తాత్పర్యం: పాట వినేటప్పుడు హెడ్‌సెట్ వాడే దారి వేరు. అది ఏకముఖం, విశాలం. మైకు తెరిచామా, రాకపోకలు రెండూ కావాలి గనక ఫోన్‌కాల్ సందులోకి దిగుతుంది. చెవికొచ్చే పాట కూడా ఆ క్షణమే పలచబడుతుంది. ఆపైన రొదను తగ్గించే ఏర్పాటొకటి గుడిగంటను నరకబోయి పక్కనున్న అక్షరాన్నీ నరుకుతుంది.

విశేషాలు: హెడ్‌సెట్ ధర తక్కువ కాబట్టే ఇలా అని కొందరి వ్యాఖ్య. అది నిలవదు. పాత దారిలో పడితే ఖరీదైనదీ నూతిలోకే దిగుతుంది. కొలత 16,000కి పెంచిన పద్ధతి తర్వాత వచ్చింది. 2020లో ప్రకటించిన ఎల్‌ఈ ఆడియో అనే కొత్త బ్లూటూత్ పద్ధతి ఇంకా మేలు. అయితే ఫోనూ హెడ్‌సెట్టూ రెండూ దాన్ని ఎరిగి ఉండాలి.

అలంకారం స్వభావోక్తి. అతిశయోక్తి అనేవారు ఆ రికార్డింగు వినలేదు.

ఈ ఊరి దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు సవర గిరిజనుల మాటను చెవితో విని, గొంతు బిగబట్టి ఆపే ధ్వనులతో సహా రాసుకున్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. ఆయనకీ సవరలకీ నడుమ గాలి తప్ప మరేమీ లేదు.

కాబట్టి ఈ ఊరి గుడిలో మధుకేశ్వరుడి ముందు నిలబడి వీడియో తీసే నాయనలారా, హెడ్‌సెట్‌తో వినండి, మాట మాత్రం ఫోను మైకుకే చెప్పండి. రికార్డింగ్ యాప్‌లో ఇన్‌పుట్ మార్చే వీలుంటే మార్చండి, లేకపోతే బ్లూటూత్ కట్టేయండి. వంశధార ఏటి గాలి ఎక్కువగా ఉంటే కాలరుకు తగిలించే వైరు మైకు కొనుక్కోండి.