రాయి తెలియని సీమలో పుట్టిన తాడు

నేను కొబ్బరి తాడును. అంబాజీపేట దగ్గరి పల్లెలో, నీళ్లలో నానిన డొక్కల్ని చితక్కొట్టి తీసిన పీచుతో నన్ను పేనారు. నా యజమాని దింపు కార్మికుడు. పెంకుటింటి మీదికి వంగిన చెట్టున గెల కోస్తే, పెంకులు పగలకుండా దాన్ని నేలకు దించడం నా పని. ఎత్తంటే నాకు చెట్టే. గౌతమికీ వశిష్ఠకూ నడుమ ఒండ్రు మేటలేసి ఏర్పడిన నేల మాది. ఇంటి పునాదికి కావలసిన రాయి కూడా లారీలో రావాల్సిందే.

ఆయన కూతురు కడపలో, యోగి వేమన విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం చదువుతోంది. "నాన్నా, ఒకసారి గండికోట చూద్దువుగాని రా" అని పిలిచింది. ఆయన సంచిలో బట్టలతోపాటు నన్నూ పెట్టుకున్నాడు. పనిముట్టు లేకుండా ఊరు దాటడం ఆయనకు అలవాటు లేదు.

జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు. పొద్దున్నే తండ్రీ కూతురూ కోటలో అడుగుపెట్టారు. పెమ్మసాని నాయకులు ఏలిన కోట, 1652లో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వచ్చి చూసిన కోట. మసీదు, ధాన్యాగారం, గుళ్లు అన్నీ దాటి అంచుకు చేరేసరికి ముందు నేల లేదు. మూడు వందల అడుగుల లోతున పెన్న. రెండు దరులా ఎర్రటి రాతి గోడలు, ఎవరో పేర్చినట్టు పలకలు పలకలుగా.

"గోదారి మనకి మట్టి తెచ్చి పోస్తది కదమ్మా, ఈ ఏరు కొండనే కోసేసిందే!" అన్నాడాయన.

రాళ్ల సందుల్లోంచి నీటి దాకా దిగారు. అసలు కష్టం తిరిగి ఎక్కడంలో ఉంది. మిట్టమధ్యాహ్నం బండలు కాలుతున్నాయి, ముళ్లపొదలు తప్ప నీడ లేదు. అమ్మాయి బూట్లతో జారుతోంటే ఆయన వట్టి కాళ్లతో ముందు నడిచాడు. "రెండు చేతులూ ఒకేసారి వదలకమ్మా. ఒక కాలు కుదిరాకే రెండోది తియ్యి" అని చెబుతూనే ఉన్నాడు. చెట్టు గాలికి ఊగుతుంది, దాని ఊపు ఆయన ఒంటికి తెలుసు. రాయి ఊగదు, కానీ ఏ బండ కదులుతుందో చెప్పదు. అందుకే ఆయన ప్రతి బండనూ అరచేత్తో నెట్టి చూసి గానీ బరువు మోపలేదు. ఈ ఒడుపు ఆయన బడిలో నేర్చింది కాదు, చెట్ల మీద నేర్చింది. దింపు పనికి కుర్రవాళ్లు రావడం తగ్గిపోయిన ఈ కాలంలో, అది ఆయన తరంతోనే పోతుందేమోనని నాకు బెంగ.

ఒక నిట్రపు బండ దగ్గర ఆయన పైకెక్కి నన్ను వదిలాడు. నీళ్ల సీసాలు, అమ్మాయి ఏరిన రాళ్లు ఉన్న సంచులు నాకు కట్టారు. మనిషి బరువు మాత్రం నా మీద వేయనివ్వలేదు. రాతి అంచుకు ఒరుసుకుంటే పీచు తెగుతుందని ఆయనకు తెలుసు. అమ్మాయిని పక్కనున్న చీలికలోంచి చెయ్యందించి లాగాడు.

అక్కడ కూర్చున్నప్పుడు ఆమె ఒక పలక మీది వరసల్ని చూపింది. అంతర్వేదిలో అల వెనక్కి పోయాక ఇసుక మీద మిగిలే చారలే అవి.

"ఇది ఒకప్పుడు సముద్రపు ఇసుక నాన్నా. ఎన్నో కోట్ల ఏళ్ల కిందటి మాట. పైన మేటలు పడి, అణిగి, రాయైంది. మన ఒండ్రేమో ఎగువన అరిగిపోయిన కొండలు."

నా పీచుకు నీరిచ్చిన మన్ను ఒకప్పుడు రాయేనన్నమాట. రాయి తెలియని సీమ మాదని ఇక అనలేను.

ఆయన ఆ చారల్ని వేళ్లతో తడిమాడు. "అయితే మన లంకలూ ఎప్పటికో ఇలా రాయవుతాయంటావా?"

"అవ్వాలంటే ముందు మేట పడుతూ ఉండాలి. ఎగువ ఆనకట్టల్లోనే ఒండ్రు ఆగిపోతోంది, మునుపటంత రావట్లేదు."

ఆయన వెంటనే మాట్లాడలేదు. లంకల్లో ఏటికోతకు చెట్లు వేళ్లతో సహా నదిలోకి ఒరగడం ఆయన చూశాడు. అలా ఒరగబోతున్న చెట్ల గెలల్ని నాతోనే దించాడు.

"మన బడి పిల్లలకి ఈ సంగతి చెప్పాలమ్మా. సెలవులకి వచ్చినప్పుడు ఆ రాళ్లు తీసుకురా" అంటూ నన్ను చుట్ట చుట్టి భుజాన వేసుకున్నాడు.