‘నాలుగుతో కొట్టు’ సూత్రం – టీకా తాత్పర్య సహితం

అవతారిక: హైదరాబాదు అశోక్‌నగర్ సందుల్లో గ్రూప్స్ కోసం, బ్యాంకు కొలువుల కోసం తపస్సు చేసే యువజనుల కల్యాణార్థం ఒకానొక కోచింగ్ గురువు పెద్ద ఘాతాల చివరి అంకె కనిపెట్టే ఈ సూత్రాన్ని బోర్డు మీద అవతరింపజేశారు. రెండో బెంచీ అమ్మాయి ‘ఎందుకు సార్?’ అంది. ‘ఎగ్జామ్‌లో ఎందుకని అడగరమ్మా, ఆన్సరే అడుగుతారు’ అని సెలవిచ్చారు. ఇంతటి ఆప్తవాక్యానికి వ్యాఖ్య లేకపోవడం లోకానికి లోటు గనుక ఈ ప్రయత్నం.

మూలం: పవర్‌ని నాలుగుతో కొట్టు, మిగిలినదాన్ని పట్టు, సున్నా వస్తే నాలుగోది పెట్టు.

టీక: పవర్‌ని = ఘాతాంకాన్ని; నాలుగుతో కొట్టు = నాలుగు చేత భాగించు; తక్కినది స్పష్టం. (కఠినమైన చోటే ‘స్పష్టం’ అని దాటిపోవడం వ్యాఖ్యాతలకు తాతలనాటి హక్కు. దాన్ని లెక్కల క్లాసుకూ తెచ్చిన గురువుగారికి నమోవాకం.) ‘ఓ ఫీజు కట్టినవాడా’ అనే సంబోధన అధ్యాహార్యం. కొట్టు, పట్టు, పెట్టు అన్నచోట అంత్యప్రాస. రసం వీరం, శత్రువు నెగెటివ్ మార్కు.

విశేషం: ఈ సూత్రానికి ప్రాణం ఒకట్ల స్థానం. దానికి మన పూర్వులు చేసిన మర్యాద అంతా ఇంతా కాదు. శాసనాల్లో శకవర్షాన్ని భూతసంఖ్యల్లో చెప్పేటప్పుడు ముందు ఒకట్లు, తర్వాత పదులు, ఆపైన వందలు; అంకెలు ఎడమకు నడవాలని నియమం. 2024ను ‘వేద నేత్ర గగన నేత్ర’ అనాలి. వేదాలు 4, కళ్లు 2, ఆకాశం 0, మళ్లీ కళ్లు 2. చంద్రుడు 1, అగ్నులు 3, బాణాలు 5, ఋతువులు 6, వసువులు 8, గ్రహాలు 9. ఇక 7 కావాలంటే ఋషులున్నారు, కొండలూ ఉన్నాయి. గణం కుదరకపోతే ఋషుల్ని దించి కొండల్ని ఎక్కించవచ్చు. లెక్క మాత్రం కదలదు. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన మహావీరాచార్యుల గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి దింపాడు. యతిప్రాసలు తప్పకుండా లెక్క తప్పకుండా చెప్పడమంటే మాటలా! మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని మెదకు సీమ వ్యాఖ్యాత కొలచెలమ మల్లినాథసూరి ప్రతిజ్ఞ. ఆ నిగ్రహం ఈ వ్యాఖ్యాతకు లేదని పాఠకులకు ఈపాటికి అర్థమై ఉంటుంది. ఇంతకూ ఎక్కడున్నాం? నాలుగు దగ్గర.

నాలుగే ఎందుకు? గుణించినప్పుడు వచ్చే చివరి అంకెను పాత చివరి అంకెలే నిర్ణయిస్తాయి. ఉన్నవి పది అంకెలే గనుక ఎక్కడో ఒకచోట వచ్చిన అంకే మళ్లీ రాక తప్పదు. 2 ఘాతాల చివర 2, 4, 8, 6, మళ్లీ 2. 7కైతే 7, 9, 3, 1, మళ్లీ 7. 4, 9 రెండడుగుల్లోనే తిరిగొస్తాయి. 0, 1, 5, 6 కదలనే కదలవు. ఏ అంకె అయినా అయిదో ఘాతానికి తన చోటికి చేరుతుంది. అందుకని నాలుగు. ఆ వరసలో ఎన్నో అంకె పెట్టాలో మిగిలిన శేషం చెబుతుంది.

సున్నా మిగిలితే నాలుగోదే ఎందుకు? 2⁰ అంటే 1 కదా అని పిల్లలు 1 పెట్టేస్తారు. ఘాతాంకమే సున్నా అయితే తప్ప సరిసంఖ్య ఘాతం బేసి అంకెతో ముగియదు. అక్కడ ఉండాల్సింది 6. ఇదంతా చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలూ గోడమీది ర్యాంకర్ల ఫోటోల వర్ణనకు సరిపోయాయి.

ఆక్షేపం: 2¹⁰⁰ని 7తో భాగిస్తే శేషమెంత అని పరీక్షలో వచ్చిందనుకుందాం. సూత్రభక్తుడు 100ని నాలుగుతో కొట్టాడు, సున్నా మిగిలింది, నాలుగోదైన 6కు టిక్కు పెట్టాడు. తప్పు.

సమాధానం: చివరి అంకెను చూసి శేషం చెప్పడం 2, 5, 10 దగ్గరే చెల్లుతుంది. పదులు, వందలు ఎన్ని ఉన్నా వాటితో నిశ్శేషంగా పోతాయి గనుక. 5తో భాగిస్తే ఆ 6లో 1 మిగులుతుంది, సరిపోయింది. 7 దగ్గర ఈ పప్పులు ఉడకవు. అక్కడ చివరి అంకెల్ని వదిలి శేషాల్నే వరసగా రాయాలి: 2, 4, 1, మళ్లీ 2. చక్రం మూడింటిది. 100ని 3తో భాగిస్తే 1 మిగులుతుంది, కనుక శేషం వరసలో మొదటిది, 2. భాజకం ప్రధాన సంఖ్య అయి, ఆధారం దాని గుణిజం కాకపోతే, భాజకం కంటే ఒకటి తక్కువైన సంఖ్యను ఈ చక్రం పొడవు నిశ్శేషంగా భాగిస్తుంది. ఇది గణితజ్ఞుడు ఫెర్మా 1640లో ఒక ఉత్తరంలో బయటపెట్టిన సంగతి. 7 దగ్గర ఆ సంఖ్య 6, చక్రం 3. ఆ అమ్మాయి ‘ఎందుకు’ అన్నది ఇందుకే.

తాత్పర్యం: ట్రిక్కు మంచిదే. దాని కారణమూ హద్దూ దాచి అమ్మడమే మంచిది కాదు. ఫీజు ముట్టేది ఒకరికి, నెగెటివ్ మార్కు పడేది ఇంకొకరికి. కాబట్టి గురువులకు విన్నపం: సూత్రానికి నాలుగో పాదం ఒకటి చేర్చండి, ప్రాస కుదరకపోయినా ఫర్వాలేదు. ‘భాజకం 2, 5, 10 కాకపోతే శేషాల వరస రాసి చూడు.’