మాకో సర్పంచ్ కావాలి!

గ్రేటర్ హైదరాబాద్ చుట్టూ ఉన్న 27 మున్సిపాలిటీలనూ 2025 నవంబర్‌లో ఒక్క కేబినెట్ భేటీలో నగరంలో కలిపేశారు. పల్లెల్లో సర్పంచ్ ఎన్నికల సందడి మొదలైన వేళే సర్కారుకు ఈ ముచ్చట పుట్టింది. ఊరు నగరం కావడానికి ఒక్క సంతకం చాలన్నమాట! మరి నగరం ఊరు కావడానికి మాత్రం ఎన్ని కావాలి? అందుకే మా అపార్ట్‌మెంట్ తరఫున అర్జీ పెడుతున్నా. మా హఫీజ్‌పేటను తక్షణం గ్రామ పంచాయతీగా ప్రకటించండి.

అర్హతలంటారా? పేరులోనే పేట ఉంది. కాయిదమ్మకుంట ఉంది. వాన పడితే రోడ్డు మీద ఇంకో నాలుగు కుంటలు వెలుస్తాయి. ఎంఎంటీఎస్ రైలు మాకు పల్లెవెలుగు బస్సు లాంటిది, ఎక్కి కూర్చుంటే గానీ నమ్మకం లేదు. గ్రామసభ రోజూ జరుగుతుంది, వాట్సాప్‌లో. పార్కింగ్ తగాదా వస్తే అర్ధరాత్రి దాకా. 2007లో శేరిలింగంపల్లితో పాటు మమ్మల్నీ గ్రేటర్‌లో కలుపుకున్నారు. వెనక్కి ఇచ్చేయండి, ఏమీ అనుకోం.

ఎందుకింత తొందరంటే, ఇల్లు కొనుక్కోవడానికండీ. పీఎం ఆవాస్‌లో నగరం వాళ్లకు వడ్డీ రాయితీ ఉంది గానీ ఇంటి ధర 35 లక్షలు దాటకూడదు. ఆ బడ్జెట్ చెబితే మా బ్రోకర్ "ఇల్లు మీకా సార్, కారుకా?" అన్నాడు. చదరపు అడుగు 9 వేలట. అదే గ్రామీణ పథకమైతే 1.20 లక్షలు ఉత్తినే ఇస్తారు. లెక్కేశా, 13 అడుగులు వస్తాయి. చాప పరిస్తే తల లోపల, కాళ్లు కారిడార్‌లో. 70 వేల దాకా బ్యాంకు అప్పు కూడా ఇప్పిస్తారట. అదీ కలిపితే 21 అడుగులు. కాళ్లూ లోపలికొచ్చేస్తాయి! ఇల్లు 25 చదరపు మీటర్లకు తగ్గకూడదనే నిబంధన ఒకటి అడ్డొస్తోంది. సర్పంచ్ వచ్చాక ఆయనే చూసుకుంటాడు.

ఈ గ్రామీణ పథకానికి నెల ఆదాయం 15 వేలు మించకూడదట. మూడో అంతస్తు సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఈఎంఐ, స్కూలు ఫీజు, మెయింటెనెన్సు పోగా మిగిలింది ఫోన్‌లో చూపించాడు. నిఖార్సైన అర్హుడు. ఫ్రిజ్జు, బండి ఉంటే పనికిరారనే పాత షరతునూ 2024లో ఎత్తేశారు. ఇంకేం కావాలి!

అర్జీ చదివి వినిపిస్తే మా ఇంట్లో పనిచేసే అక్క మాత్రం నవ్వలేదు. ఆమెది కిష్టారెడ్డిపేట. 2024 సెప్టెంబర్‌లో ఆ పంచాయతీని అమీన్‌పూర్ మున్సిపాలిటీలో కలిపారు. 2025లో అమీన్‌పూర్‌నే గ్రేటర్‌లో కలిపారు.

"అయితే నేను సిటీదాన్నయిననా సార్? జీతం గట్లనే ఉన్నది గదా" అంది.

ఏం చెప్పను? రెండేళ్లు తిరక్కుండా ఆమె చిరునామా రెండుసార్లు మార్చినవాళ్లు, ఎట్లా బతుకుతున్నావని ఒక్కసారి అడిగారా? పంచాయతీ పోయింది, ఉపాధి హామీ పని పోయింది, గ్రామీణ ఇల్లు పోయింది. సిటీ అయింది కదా అని బ్యాంకుకెళ్తే శాలరీ స్లిప్పు తెమ్మంటారు. అంట్లు తోమే చేతికి స్లిప్పెవడిస్తాడయ్యా? ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు ఇస్తాం, ముందు సొంత జాగా చూపించమంటారు. జాగా ఎక్కడుందో మీకే తెలియాలి. 2025 అక్టోబర్‌లో రాయదుర్గంలో ఎకరం 177 కోట్లకు అమ్ముకున్నది మీరే. గజం మూడున్నర లక్షల పైమాటే. వేలానికి దొరికే భూమి ఆమె ఇంటికి మాత్రం ఎందుకు దొరకదు? హద్దురాయి జరిపితే ఆమె పేదరికం మాఫీ అయిపోతుందా?

నా అర్జీకి ఇంకా జవాబు లేదు. కిష్టారెడ్డిపేటలో ఆమె ఇంటి ఓనరు మాత్రం వచ్చే నెల నుంచి కిరాయి 500 పెంచాడు. గ్రేటర్ అయింది కదా, అన్నాడట.