దేవదాసు-2

నడుస్తున్నదాన్ని ఆపి మరీ బాగుచేసే గుణం ఒకటి నాలో ఉంది. ఈసారి దానికి బలైంది ఏళ్ల తరబడి నేను పెంచుకున్న నా సొంత వెబ్‌సైటే.

పాత సినిమా పాటల పుస్తకాల సైటు అది. హాలు బయట అణాలకు అమ్మిన ఆ పల్చటి పుస్తకాలు మా తరానికి తెలుసు. అట్ట మీద హీరో హీరోయిన్లు, లోపల తారాగణం, సాంకేతిక వర్గం, కథాసంగ్రహం, పాటలు. కథ సరిగ్గా రసపట్టులో ఆగి, మిగతాది వెండితెరపై చూసుకోమంటుంది. వాటిని పోగుచేయడం నా పిచ్చి. ఒక్కో పుస్తకానికి ఒక్కో పేజీ పెట్టి, అట్టను స్కాన్ చేసి, బ్యానరు, దర్శకుడు, సంగీతం, సంవత్సరం రాసుకుంటూ పోయాను. పేజీలన్నీ చేత్తో రాసిన హెచ్‌టీఎంఎల్. ఒక్కో ఫైలుకు ఇంగ్లీషు అక్షరాల్లో సినిమా పేరు, చివర సంవత్సరంలోని రెండంకెలు. దూరదృష్టితో పెట్టినవేమీ కావు. ఒకే ఫోల్డర్లో ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఇమడవు కాబట్టి పెట్టాను.

సైటును కొత్త వేదికకు మార్చమని ఎవరూ అడగలేదు. ఫోన్లో చూస్తే అక్షరాలు చీమల్లా ఉన్నాయని నాకే అనిపించింది. ఆ ఒక్కటీ సరిచేయడానికి పేజీలో ఒక లైను చేర్చితే చాలునని తర్వాత తెలిసింది. అప్పటికి నా కళ్ల ముందు రంగురంగుల నమూనాలు తిరుగుతున్నాయి. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మేనల్లుడు ఒకే ప్రశ్న వేశాడు. “మామయ్యా, ముందు బ్యాకప్ తీశారా?” తీశానన్నాను. అబద్ధం కాదు. ఏ సర్వరును ఖాళీ చేయబోతున్నానో, ఆ బ్యాకప్ కూడా ఆ సర్వరులోనే ఉంది.

పేజీలను కొత్తచోట దింపగానే తెలుగు మాయమైంది. ప్రతి అక్షరం స్థానంలో నెత్తిన వాలుగీత ఉన్న ఇంగ్లీషు ‘ఎ’, దాని పక్కన ఉష్ణోగ్రతకు పెట్టే డిగ్రీ సున్నా, ఆ తర్వాత ఏదో ఒక పిచ్చి గుర్తు. పొల్లు, కొమ్ము లాంటివి ఉన్నచోట డిగ్రీ బదులు ప్లస్సు కింద మైనస్సు. పేజీ చూస్తే రెంటచింతల ఎండల పట్టికలా ఉంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరం మూడు బైట్లు. నేను తెరిచిన డేటాబేసు పాత లాటిన్ పద్ధతిలో ఉండి, ఒక్కో బైటునూ ఒక్కో అక్షరమనుకుంది. తెలుగు అక్షరాలన్నిటికీ మొదటి బైటు ఒకటే, అందుకే అన్నిచోట్లా ఆ ‘ఎ’. అక్కడ ఆగి సెట్టింగు మార్చి మళ్లీ దింపుకొంటే కథ సుఖాంతమే. నేను మాత్రం ఆ గందరగోళాన్నే యూటీఎఫ్-8గా మార్చి సేవ్ చేశాను. మూడు బైట్ల అక్షరం కనీసం ఆరు బైట్లైంది.

అది ఎలాగో సర్దుకున్నాక శుభ్రత మీద పడ్డాను. పాత పేజీల్లో కంటికి కనిపించని గుర్తులు ఉంటాయి, వాటిని ఏరేస్తే మంచిదని ఎక్కడో చదివాను. వెతుకు, తీసేయ్ అని ఒక్క ఆదేశం ఇచ్చాను. ఆ పోయినవాటిలో పొల్లుకూ దాని తర్వాతి హల్లుకూ మధ్య నిలబడి వాటిని కలవనివ్వని గుర్తు కూడా ఉంది. అది ఉంటే ‘ప్రొడక్షన్స్‌వారి’. లేకపోతే ‘ప్రొడక్షన్స్వారి’. విజయావారు, వాహినీవారు క్షేమం. పేరు చివర పిక్చర్స్, ప్రొడక్షన్స్ తగిలించుకున్న ప్రతి సంస్థకూ ‘స’ కింద వ ఒత్తు వేలాడింది. రాజ్‌కుమార్ రాజ్కుమార్ అయ్యాడు.

ఇంత జరిగాక కూడా పాత ఖాతా మూసేశాను. రెండుచోట్ల డబ్బు దండగ అనుకున్నాను. పాత చిరునామాలకు వచ్చేవాళ్లను కొత్త పేజీలకు పంపే 301 దారిమళ్లింపులు ఉంటాయి కదా అని ధీమా. వాటికోసం ఎక్సెల్ పట్టికలో ఒక వరుసలో పాత ఫైలు పేరు, పక్క వరుసలో సూత్రంతో పుట్టించిన కొత్త చిరునామా పెట్టాను. సూత్రం చాలా తేలిక. తెలుగు పేరు తీసుకో, ఖాళీ ఉన్నచోట అడ్డగీత పెట్టు. కొత్త వేదిక కూడా అలాగే చేస్తుందనుకున్నాను. ఒక్క పేజీ తెరిచి చూసినా సరిపోయేది.

వెబ్ చిరునామాలో తెలుగు తెలుగుగా ప్రయాణం చేయదు. ఒక్కో అక్షరం శాతం గుర్తులతో కలిపి తొమ్మిది గడులు ఆక్రమిస్తుంది. గుడి, కొమ్ము, పొల్లు కూడా విడివిడిగా లెక్కే. ‘శ్రీ’ ఒక్కటే నాలుగు ముక్కలు, అంటే 36 గడులు. ఆ వేదిక పేజీ పేరుకు ఇచ్చే జాగా మొత్తం 200 గడులు. కాబట్టి 22 ముక్కలు దాటితే కత్తెర. ఎన్టీఆర్ 1984లో తీసిన ‘శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్ర స్వామి చరిత్ర’ అక్కడ ‘శ్రీమద్విరాట్-వీరబ్రహ్మ’ దగ్గర ఆగిపోయింది. నా పట్టిక మాత్రం జనాన్ని పూర్తి పేరుకు పంపింది. పూర్తి పేరుతో అక్కడ ఏ పేజీ లేదు. కాలజ్ఞానం చెప్పిన మహానుభావుడి పేజీకి పట్టబోయే గతిని నేను ముందుగా ఊహించలేకపోయాను.

పొడుగు పేర్ల సంగతి అలా ఉంటే, ఒకే పేరున్న సినిమాల అవస్థ ఇంకొకటి. వేదిక రెండోసారి వచ్చిన పేరుకు 2 అంకె తగిలిస్తుంది. నేను పేజీలను కొత్త సినిమాలనుంచి పాతవాటికి దింపాను. దాంతో కృష్ణ, విజయనిర్మలల 1974 దేవదాసు అసలు దేవదాసైంది. వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో 1953లో వచ్చిన నాగేశ్వరరావు సినిమా ‘దేవదాసు-2’ అయింది. సీతారామ కల్యాణంలోనూ అంతే, 1986 సినిమా ముందు, 1961 సినిమా వెనక. ఏలూరునుంచి ఒక పెద్దాయన ఉత్తరం రాశారు. “నాయనా, నాగేశ్వరరావు కోసం వస్తే కృష్ణ ఎదురొచ్చాడు. నా కళ్లద్దాలు మార్చాలా, మీ సైటు మార్చాలా?”

చివరికి నన్ను గట్టెక్కించింది ఇంటర్నెట్ ఆర్కైవ్. 1996నుంచి ప్రపంచంలోని వెబ్ పేజీలకు నకళ్లు తీసి దాస్తున్న ఆ సంస్థ, నేను అనుమతి ఇవ్వకపోయినా, అడగకపోయినా, నా ముతక పేజీలనూ దాచిపెట్టింది. అవి అంత సాదాగా ఉండబట్టే చెక్కుచెదరకుండా దొరికాయి. కొన్ని అట్టల స్కాన్లు మాత్రం పోయాయి, పుస్తకాలు బీరువాలోంచి దించి మళ్లీ తీశాను. చిరునామాల్లో సంవత్సరం చేర్చాను. పట్టికను ఈసారి సూత్రంతో కాకుండా, ఒక్కో పేజీ తెరిచి చూసి చేత్తో రాశాను.

అలా చూడటంలో ఇంకో సంగతి బయటపడింది. ‘మాయాబజార్’ పేజీలో, పాటల పుస్తకంలో ఉన్నట్టే, సంగీతం ఘంటసాల అని రాసి ఊరుకున్నాను. నాలుగు పాటలకు వరుసలు కట్టి సాలూరి రాజేశ్వరరావు తప్పుకున్నాక మిగతా పని ఘంటసాల చేశారన్న ముక్క లేనేలేదు. ఆ లోపానికి ఫాంటు అడ్డు రాలేదు, డేటాబేసు అడ్డు రాలేదు. ఇన్నేళ్లూ చక్కటి తెలుగులో, ఎవరు నొక్కినా తెరుచుకునే చిరునామాలో నిక్షేపంగా ఉంది. ఆ పేజీకి నేను రంగు ఎంచడానికి ఒక సాయంత్రమంతా కూర్చున్నాను గానీ, దాన్ని చదవడానికి కూర్చోలేదు. అలాంటివి ఇంకా దొరుకుతున్నాయి, దిద్దుతున్నాను.

అంతా కుదుటపడ్డాక ఏలూరు పెద్దాయనకు ఫోన్ చేశాను. కొత్త రూపం ఎలా ఉందండీ అని కాస్త ఆశగానే అడిగాను. “రూపమా? నాగేశ్వరరావు వచ్చాడు, అది చాలు” అని, క్షణం ఆగి, “ఏం, మార్చారా ఏమిటి?” అన్నారు.