అర్థమైందా?

2021 సెప్టెంబరు 1. కరోనాకు మూతపడ్డ బడులు తెలంగాణలో తెరిచిన రోజు.

మా ఊరి ప్రాథమిక పాఠశాలకు గదులు రెండు. పిల్లలు 61 మంది. ఫీజులు కట్టలేక ప్రైవేటు బడి మానిపించి తెచ్చి చేర్పించినవాళ్లూ అందులో ఉన్నారు. పిల్లకూ పిల్లకూ మధ్య ఆరడుగులుండాలన్నారు. హెడ్మాస్టరు ముందురోజే తాడుకు ముడి వేసి, కొలిచి, నేల మీద సున్నంతో సున్నాలు గీయించాడు. గదికి 12 పట్టాయి. వరండాలో 9. మిగతా 28 చింతచెట్టు కింద.

నాలుగో తరగతి చెట్టు కిందికొచ్చింది. హెడ్మాస్టరే భాగహారం చెప్పాడు.

"అర్థమైందా?"

"అయింది సార్" అన్నారంతా. చివరి సున్నాలో పిల్ల మాట్లాడలేదు. మళ్లీ చెప్పాడు. మళ్లీ అడిగాడు. మాట్లాడలేదు. దగ్గరికెళ్లి గీత అవతలే ఆగాడు.

"కాలేదా బిడ్డా?"

"కాలే సార్."

"మరి అడిగితే చెప్పవేంది?"

ఆ పిల్ల మాస్కు ముక్కు మీదికి లాక్కుంది. "మూడో తరగతిల టీవీ సారు గూడ రోజూ అడుగుతుండె. కాలే కాలే అని రోజూ చెప్తుంటి. ఆయన ఆగకనే పోతుండె."

వాళ్ల మూడో తరగతి నడిచింది టీశాట్, దూరదర్శన్ యాదగిరి టీవీ ఛానెళ్లలో. హెడ్మాస్టరు ఏమీ అనలేదు. గొంతుక్కూర్చుని చెట్టు కింద చింతగింజలు ఏరాడు. పదిహేడు. నలుగురికి పంచమన్నాడు. ఆ పిల్ల నాలుగు కుప్పలు పెట్టింది. ఒక గింజ చేతిలో మిగిలింది. దాన్ని చూసి, "అయింది సార్" అంది.

మధ్యాహ్నం జీపు వచ్చింది. అధికారి దిగి గదులు చూశాడు. శానిటైజరు సీసా ఊపి చూశాడు. చెట్టు కింద సున్నాకూ సున్నాకూ మధ్య టేపు పెట్టించాడు. సరిగ్గా ఆరడుగులు. పిల్లల ముందు నిలబడి ఫొటో దిగాడు. ఫారం తీశాడు.

"ఇబ్బందులేమన్నా ఉన్నాయా?"

"వాన పడితే సార్, ఈ 28 మందిని ఎక్కడ..."

"వెరీగుడ్" అన్నాడు అధికారి. ఫారంలో టిక్కు పెట్టాడు. "ఇట్లనే మెయింటేన్ చేయండి."

జీపు కదిలింది. దుమ్ము అణిగాక చివరి సున్నాలోంచి చెయ్యి లేచింది.

"సార్, ఈ సారు టీవీల ఎన్ని గంటలకొస్తడు?"